బందెలదొడ్డి తాళంచెవి

వేములేరు పురపాలక సంఘానికి ఆ ఏడాది పశువుల మీద కోపం వచ్చింది. అంతకు ముందు ఏడాది ప్లాస్టిక్ సంచుల మీద వచ్చింది. దానికి ముందు ఏడాది గోడల మీద వచ్చింది. ఊళ్ళో గోడలన్నిటికీ నీలంరంగు పూశాక చల్లారింది. ఈసారి ‘పశురహిత పట్టణ పక్షోత్సవాలు’ జరపాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. రోడ్డు మీద పశువన్నది కనబడరాదు. కనబడితే పట్టి, బందెలదొడ్డిలో పెట్టి, ఫొటో తీసి పైకి పంపాలి.

బందెలదొడ్డి అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. ఊరి మీద పడి పైర్లు మేసే గొడ్లను తోలుకొచ్చి, యజమాని జరిమానా కట్టేదాకా నిలిపి ఉంచే చోటు. వేములేరు బందెలదొడ్డి మునిసిపల్ ఆఫీసు వెనకే ఉంది. దొరల కాలం నాటిది. ఛాతీ ఎత్తు రాతిగోడ, ఇనప చువ్వల గేటు, గేటుకి గొలుసు, గొలుసుకి కొబ్బరిచిప్పంత ఇత్తడి తాళం. ఎన్నో ఏళ్ళుగా అందులో ఏ పశువూ అడుగుపెట్టలేదు. తాళం నోరు తెరుచుకుని గొలుసుకి వేలాడుతూ ఉండేది.

పక్షోత్సవాల మొదటి రోజు కమిషనర్ చక్రధరరావుగారు, మేనేజరు పరాంకుశం, ఫొటోలు తీసే మనిషి, వెనకాల చెత్త లారీ సిబ్బంది, అంతా ఊరి మీద పడ్డారు. వీళ్ళొస్తున్నారన్న కబురు ముందే పాకి, జనం ఎవరి గొడ్లను వాళ్ళు దొడ్లల్లో దాచేశారు. మధ్యాహ్నం దాకా తిరిగినా వాళ్ళకి ఒక్క తోక కనబడలేదు. చివరికి కాలవగట్టు వీధిలో, నీళ్ళలో పొర్లి పొర్లి తీరుబడిగా ఇంటికి పోతున్న రంగి చిక్కింది.

రంగి సామ్రాజ్యం గేదె. సామ్రాజ్యమంటే రాజ్యం కాదు, మనిషి. కాలవగట్టున రేకుల ఇల్లు. భర్త ఏడుకొండలు బియ్యం మిల్లులో మూటలు మోసి మోసి నడుం పట్టేసి, కుక్కిమంచానికి అంకితమైనవాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది రంగి పొదుగు దయవల్లే. పొద్దున్నే నాలుగు వీధులు తిరిగి సామ్రాజ్యం పాలు పోసి వస్తుంది. నీళ్ళు కలపదని పేరు. ఆ పేరు ఆమెకి బంగారు గొలుసుతో సమానం.

రంగిని బందెలదొడ్డిలోకి తోలారు. కమిషనర్ గారు స్వహస్తాలతో గొలుసు చుట్టి, ఫొటోకి నవ్వి, తాళం నొక్కారు. టక్కుమంది. అది నొక్కితే పడే తాళమని అప్పుడే అందరికీ తెలిసింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

సామ్రాజ్యం పరుగున వచ్చి జరిమానా కట్టేసింది. పరాంకుశం రసీదు రాసిచ్చి, అటెండరు కాశయ్యని పిలిచాడు. కాశయ్య ఆఫీసులో ఉన్న తాళంచెవులన్నీ ఒక బకెట్లో వేసుకొచ్చాడు. బీరువాలవి, టైపు మిషను పెట్టెది, కమిషనర్ గారి బాత్రూముది, ఎప్పుడో కాలిపోయిన జీపుది. ఒక్కటీ ఆ తాళంలో దూరలేదు.

“దీని చెవి ఇందులో లేదండీ,” అన్నాడు కాశయ్య.

“మరి ఎక్కడుంది?”

“నేను ఉద్యోగంలో చేరినప్పుడే లేదండీ.”

పరాంకుశం కంగారుపడలేదు. ఏ సమస్యకైనా ఒక నిబంధన ఉంటుందని, ఆ నిబంధన దొరికితే సమస్య అక్కడే ఉన్నా ఫరవాలేదని ఆయన నమ్మకం. సామ్రాజ్యాన్ని కూర్చోమని కూడా అన్నాడు.

“చూడమ్మా. తాళంచెవి ప్రభుత్వ ఆస్తి. పోయిన ప్రభుత్వ ఆస్తికి నకలు పొందగోరువారు అసలును సమర్పించవలెను. నకలును అసలుతో సరిపోల్చి, సరియైనదని ధ్రువీకరించవలెను. అంతే. చాలా సులభం.”

“అసలుంటే నకలెందుకండీ?”

పరాంకుశం కళ్ళజోడు సర్దుకున్నాడు. “మంచి ప్రశ్న. అర్జీ రూపంలో ఇవ్వు.”

“పోనీ, తాళం పగలగొట్టండయ్యా. ఒక్క దెబ్బకి ఊడొస్తది.”

గదిలో గుమాస్తాలందరూ రాయడం ఆపి తలెత్తారు. పరాంకుశం గొంతు తగ్గించాడు. “ఆ తాళం వేసింది ఎవరు? కమిషనర్ గారు. వారు వేసిన తాళం పగలగొట్టడమంటే వారి ఉత్తర్వును పగలగొట్టడమే. అట్లాంటి మాట ఈ కాంపౌండులో మళ్ళీ అనకు.”

“నా గేదె లోపలుందండీ!”

“దానికేం ఇబ్బంది లేదు. నిబంధనల పరిధిలో ఉంది.”

నిబంధనల పరిధిలో ఉన్న రంగి సాయంత్రానికి అరుపు లంకించుకుంది. పొదుగు నిండి సలుపుతోంది. అక్కడ ఇంటి దగ్గర దూడ అరుపు. ఇక్కడ తల్లి అరుపు. సామ్రాజ్యానికి కాళ్ళు నిలవలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, బక్కెట్టు గోడ మీద పెట్టి, తనూ గోడెక్కి లోపలికి దూకింది. గేదె ఎక్కలేని గోడ గానీ మనిషికి అదొక లెక్క కాదు. పాలు పితికి బక్కెట్టుతో మళ్ళీ గోడెక్కేసరికి, అవతల పరాంకుశం నిలబడి ఉన్నాడు.

“పశువు ఎవరి స్వాధీనంలో ఉంది?” అన్నాడు.

“మీ స్వాధీనంలోనే ఏడిసింది గదండీ.”

“అయితే పాలు?”

సామ్రాజ్యం గోడ మీద కూర్చునే ఆలోచించింది. పరాంకుశం బక్కెట్టు అందుకుని, “స్వాధీనంలో ఉన్న పశువు యొక్క ఉత్పత్తి కూడా స్వాధీనంలోనే ఉన్నట్లు భావించవలెను,” అని చెప్పి, ఆ ఉత్పత్తిని ఆఫీసులోకి పట్టుకుపోయాడు.

మర్నాడు మునిసిపల్ ఆఫీసులో టీ తాగిన ప్రతి ఒక్కరూ గ్లాసు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయారు. అంతవరకూ అక్కడ టీ అంటే పాలపొడి కలిపిన వేడినీళ్ళు. ఇది టీ. పైన మీగడ కట్టింది. ఎప్పుడూ పదకొండు దాటాక వచ్చే ఇంజనీరు మర్నాటి నుంచి తొమ్మిదింటికే రావడం మొదలుపెట్టాడు. కమిషనర్ గారు రెండో గ్లాసు అడిగి, “ఆ తాళంచెవి విషయంలో తొందరపాటు వద్దు. అన్ని కోణాల్లోంచి పరిశీలించాలి,” అన్నారు.

రెండో పూట పాలు పితకడానికి కాశయ్యని పంపారు. రంగి కాశయ్యని తన్నిన తన్నుకి పాపం ఆయన గోడ దగ్గరికి నడిచి రాలేదు, గాల్లో ఎగిరి చేరుకున్నాడు. అంచేత సామ్రాజ్యాన్ని పిలిపించి, ‘పాలు పితుకు సహాయకురాలు (తాత్కాలికం)’ అన్న హోదాలో ఆమె గేదెని ఆమే పితికేటట్టు ఉత్తర్వు ఇచ్చారు. జీతం కూడా రాశారు. కాకపోతే హాజరు గేటు ద్వారా ప్రవేశించినవారికే వేస్తారు. గేటు తాళం వేసి ఉంది. ఆమె గోడ దూకి పనిచేస్తున్నంత కాలం పనిలోకి రానట్టే లెక్క.

“నిన్నంటే పొదుగు సలిపి దిగినయ్యి గానీ, దూడ లేందే అది చేపదండీ,” అంది సామ్రాజ్యం. “దూడ మూతి పెడితేనే పాలు దిగుతయ్యి.”

పరాంకుశం ఉదారంగా ఒప్పుకున్నాడు. సామ్రాజ్యం పెయ్యదూడని చంకనెత్తుకుని తెచ్చింది. కాశయ్య, ఆమె కలిసి దాన్ని గోడ మీదుగా లోపలికి దించారు. తల్లీపిల్లా నాకుకుంటూ ఉంటే సామ్రాజ్యానికి కాస్త ప్రాణం కుదుటపడింది. పాలు పితికాక దూడని ఇంటికి తీసుకుపోదామని ఎత్తుకోబోయింది. పరాంకుశం చెయ్యి అడ్డం పెట్టాడు.

“బందెలదొడ్డిలో ప్రవేశించిన పశువు గేటు ద్వారా మాత్రమే విడుదల కావలెను.”

“ఇది గోడ మీంచి వచ్చింది గదండీ!”

“ప్రవేశానికి నిబంధన లేదు. విడుదలకి ఉంది.”

రాత్రి ఏడుకొండలు కుక్కిమంచం మీంచి అంతా విని, “ఏమే, గేదె పాయె, దూడా పాయె. రేపు నువ్వు కూడా లోపలుండిపోతావేమో చూసుకో,” అన్నాడు. నవ్వులాటకి అన్నాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. రోజూ ఆమె దగ్గర పాలు పోయించుకునే ఇళ్ళవాళ్ళు అప్పటికే ప్యాకెట్లు కొనడం మొదలుపెట్టారు.

బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసే మస్తాన్‌వలి ఉన్నాడు. సామ్రాజ్యం అతనికి గోడు చెప్పుకుంటే, “అదెంత పని అక్కా, నే వస్తా పద,” అని సంచి భుజాన వేసుకుని వచ్చాడు. చిల్లులోకి ఒక కన్ను పెట్టి చూశాడు. పుల్లతో కెలికాడు. “టీ తాగే లోపల చెవి చేసిస్తా,” అన్నాడు. ఆ మాట పరాంకుశం చెవిన పడింది.

“నువ్వు ఈ తాళం తీయగలవా?”

“ఎందుకు తియ్యలేను సార్?”

“తాళంచెవి లేకుండా?”

“చెవి చేసి తీస్తా సార్.”

పరాంకుశం కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు. “సార్, ఊళ్ళో ఒకతను ప్రభుత్వ తాళాన్ని తీయగలనని బాహాటంగా చెబుతున్నాడు.” ఇద్దరూ కాసేపు ఆ ప్రమాదం లోతు చూసుకున్నారు. అంతటితో మస్తాన్‌వలి పేరు పోలీసు స్టేషనుకి వెళ్ళింది. అతని మీద ఒక కన్నేసి ఉంచాలని, ప్రభుత్వ తాళాల పరిసరాల్లో సంచరించకుండా చూడాలని రాశారు. పాపం మస్తాన్‌వలి ఆ తరవాత పోస్టాఫీసు ముందునుంచి నడవాలన్నా భయపడి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

కమిషనర్ గారు ‘తాళంచెవి పునఃప్రాప్తి సంఘం’ వేశారు. సంఘం రోజూ సమావేశమయ్యేది. టీ వచ్చేది. మొదటి సమావేశంలో తాళాన్ని పాతది అనాలా, ప్రాచీనమైనది అనాలా అని చర్చించారు. ప్రాచీనమైనదని తేలింది. ప్రాచీనమైనది గనక దాని చెవి కూడా ప్రాచీనంగానే ఉండాలని మరో సమావేశంలో తీర్మానించారు. కొత్త చెవి చేయించి, దాన్ని ప్రాచీనం అయ్యేదాకా నిలవ ఉంచి, తరవాత వాడవచ్చునని ఇంజనీరు సూచించాడు. అందరూ బల్లలు చరిచారు. మళ్ళీ టీ వచ్చింది.

సంఘం నడుస్తుండగానే బందెలదొడ్డికి పేరు మారింది. గేటు మీద ‘పురపాలక పాడి విభాగం’ అని బోర్డు పడింది. దానికొక ఇన్‌ఛార్జి, ఇన్‌ఛార్జికొక కుర్చీ వచ్చాయి. ఆ ఇన్‌ఛార్జి చువ్వల్లోంచి చూసి పాలు లెక్కపెట్టేవాడు. ఒకరోజు ఆయన పట్టలేని ఉత్సాహంతో ఒక లోపం కనిపెట్టి పైకి రాశాడు: ‘సదరు పశువుకు నాలుగు చన్నులుండగా మూడింటి ఉత్పత్తి మాత్రమే విభాగమునకు చేరుచున్నది. నాలుగవది దూడకు మళ్ళించబడుచున్నది.’

సామ్రాజ్యాన్ని పిలిచి సంజాయిషీ అడిగారు.

“దూడ తాగొద్దా అయ్యా?” అంది ఆమె.

“దూడ మన విభాగంలో ఉద్యోగి కాదు,” అన్నాడు పరాంకుశం.

ఆ రోజు నుంచి ఇన్‌ఛార్జి ఎదురుగా నాలుగు చన్నులూ పితకాల్సి వచ్చింది. దూడ ఖాళీ పొదుగు కుమ్ముకుని కుమ్ముకుని అలిసి, తల్లి కాళ్ళ మధ్య కూలబడేది.

ఇంతలో పైఅధికారులు కాగితాల మీద లెక్కలు చూశారు. దేశంలో ఎక్కడా లేని విధంగా, ఒక పురపాలక సంఘం రోడ్డు మీది పశువును ఆదాయంగా మార్చింది. ‘తాళం వేసిన పాడి’ అన్న పేరుతో అది ఆదర్శమైపోయింది. చూసిపోవడానికి పక్క ఊళ్ళ నుంచి బృందాలు రాసాగాయి. కమిషనర్ గారు గేటు పక్కన నిలబడి, “దీనికి మూలం తాళంచెవి లేకపోవడం,” అని వివరించేవారు. “తాళంచెవి ఉంటే పశువు వెళ్ళిపోతుంది. పశువు వెళ్ళిపోతే పాలెక్కడివి? కనుక లేమి నుంచే కలిమి.” బృందాలు రాసుకునేవి. పొరుగునున్న గంగిరేవు పురపాలక సంఘంవారు తమ బందెలదొడ్డి తాళంచెవిని సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవ తీర్మానంతో పోగొట్టుకున్నారు.

సామ్రాజ్యానికి ఇవేవీ పట్టలేదు. ఆమె చూసింది ఒక్కటే. దూడ ఎముకలు పైకి వచ్చాయి. ఒకనాడు పొద్దున గోడ దూకేసరికి, అది లేవడానికి ప్రయత్నించి, ముందుకాళ్ళు మడతపడి మళ్ళీ కూలబడింది. తల్లి దాని వీపు నాకుతూ సామ్రాజ్యం వంక చూసింది. ఆమె అక్కడే గడ్డిలో చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు తీరాక ముక్కు చీదుకుని, లేచి, కాశయ్య దగ్గరికి వెళ్ళింది.

“బాబాయ్, ఇన్‌ఛార్జి ఎన్నింటికొస్తాడు?”

“తొమ్మిదింటికి టీకి వస్తాడమ్మాయ్. ఎందుకు?”

“ఏంలేదు. ఇకనుంచి నేను తెల్లారగట్లే వచ్చి దొడ్డి ఊడుస్తా. ఎవురికీ చెప్పబాక.”

కాశయ్య ఆమె మొహం చూశాడు. దూడ వంక చూశాడు. “నాకు పొద్దున్నే కళ్ళు కనబడవులే అమ్మాయ్,” అన్నాడు.

మర్నాటి నుంచి తెల్లవారకముందే సామ్రాజ్యం దూడని వదిలేది. దూడ తాగగలిగినంత తాగేది. మిగిలిన పాలు పితికి కుడితి తొట్లో పోసి రంగి చేతే తాగించేది. పాలని అట్లా కుడితిలో పోస్తుంటే ఆమెకి ప్రాణం ఉసూరుమనేది. బిడ్డ అన్నం నేలపాలు చేసినట్టుండేది. కళ్ళు మూసుకుని పోసేది. సాయంత్రం ఇన్‌ఛార్జి లెక్కకి వచ్చే ముందూ అదే పని. ఇన్‌ఛార్జి వచ్చి చువ్వల్లోంచి చూసే వేళకి బక్కెట్టు అడుగున నాలుగు చుక్కలు. తరవాత అవీ లేవు.

“ఏమిటిది?” అన్నాడు ఇన్‌ఛార్జి.

“గేదె వట్టిపోయిందండీ.”

“వట్టిపోవడమంటే?”

“పాలు ఎండిపోవడమండీ. ఎంత గేదయినా ఎప్పుడో ఒకప్పుడు వట్టిపోవాల్సిందే.”

ఈ సంగతి విన్న పరాంకుశం రంగికి మెమో జారీ చేశాడు. ‘ఉత్పత్తి పడిపోవుటకు గల కారణములను తక్షణము తెలుపవలెను. లేనియెడల మీపై చర్య తీసుకొనబడును.’ పశువుకి మెమో అందజేసే పద్ధతి లేదు గనక గేటు చువ్వకి అంటించమన్నాడు. కాశయ్య మైదాపిండి జిగురు దిట్టంగా పూసి అంటించాడు. ఆయన వెనక్కి తిరిగేలోపల రంగి దాన్ని చువ్వ మీంచి నాలుకతో ఊడదీసి నమిలేసింది.

“మెమో అందిందా?” అనడిగాడు పరాంకుశం.

“పూర్తిగా అందిందండీ,” అన్నాడు కాశయ్య.

ఆఫీసులోకి పాలపొడి తిరిగొచ్చింది. ఇంజనీరు మళ్ళీ పదకొండు దాటాక రావడం మొదలుపెట్టాడు. తాళంచెవి సంఘం సమావేశాలకి సభ్యులు రావడం మానేశారు. ఇంతలో గేదె మేత ఖర్చు ఎవరిదని పైనుంచి ప్రశ్న వచ్చింది. పాలివ్వని పశువుని మేపుతున్న ‘తాళం వేసిన పాడి’ ఎవరికీ ఆదర్శంగా కనబడలేదు. కమిషనర్ గారు ఆ కాగితం చదువుకుని, పరాంకుశాన్ని పిలిచారు.

“ఆ తాళం ఇప్పుడే తీయించండి.”

“నకలుకి అసలు సమర్పించాలన్న నిబంధన ఉంది సార్…”

“ఆ నిబంధన పాలిచ్చే గేదెకయ్యా! ఇది వట్టిపోయిన గేదె.”

పరాంకుశం ఆ తేడా వెంటనే గ్రహించాడు. అది గ్రహించడం వల్లే ఆయన మేనేజరయ్యాడు.

పోలీసు జవాను వెళ్ళి మస్తాన్‌వలిని తీసుకొచ్చాడు. అతను నేరం ఒప్పుకోవడానికే వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పనేమిటో చెప్పేసరికి ఊపిరి పీల్చుకుని, సంచి విప్పి, తాళంలో కాస్త కిరసనాయిలు పోసి, ఒక ఇనప ముక్కని ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు. దూర్చి చూశాడు, తీసి ఇంకాస్త అరగదీశాడు. టీ రాకముందే తాళం నోరు తెరిచింది. ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందని అక్కడ ఎవరూ ఎవరినీ అడగలేదు.

“తీసుకుపో అమ్మా నీ గేదెని,” అన్నాడు పరాంకుశం, దానం చేస్తున్నవాడిలా.

సామ్రాజ్యం కదల్లేదు. గేటు తెరిచి ఉంది. దూడ అప్పటికే బయట గడ్డి వాసన చూస్తోంది.

“ఎట్టా తీసుకుపోనండీ? రేపు ఇది కాలవకి పోతంటే మళ్ళీ పట్టుకొస్తే? నాకు కాయితం కావాల.”

“ఏం కాగితం?”

“ఈ గేదె వట్టిపోయిందని, మునిసిపాలిటీకి ఎందుకూ పనికిరాదని, దీన్నీ దీని దూడనీ ఇంకెప్పుడూ దొడ్డిలో పెట్టబోమని. సీలేసి ఇయ్యండి. అప్పుడే తోలుకుపోతా. లేకపోతే మీ గేదె మీ దగ్గరే ఉండనీండి. మీరే మేపుకోండి.”

మేత అన్న మాట వినబడగానే కమిషనర్ గారి కిటికీ తెరుచుకుంది. “ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి,” అన్నారు. పరాంకుశం ఎంతో ముచ్చటగా రాశాడు. ‘సదరు పశువు శాశ్వతముగా నిరుపయోగమైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ సీలు వేసి, నోటితో ఊది, తడి ఆరాక ఇచ్చాడు. సామ్రాజ్యం దాన్ని రవికలో దాచుకుని, రంగి మెడ మీద చెయ్యివేసి, గేటు ద్వారా బయటికి నడిచింది. కాలవగట్టు మలుపు తిరిగేదాకా నెమ్మదిగానే నడిచింది. మలుపు తిరిగాక ఆపుకోలేక గేదె మెడ కావిలించుకుని ఏడ్చింది, నవ్వింది. ఏది ఎప్పుడు చేసిందో ఆమెకే తెలియదు. రేకుల ఇంటి ముందు ఏడుకొండలు నడుం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉన్నాడు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున కాశయ్య క్యాను పట్టుకుని వచ్చాడు. కమిషనర్ గారికి పాలపొడి పడక కడుపులో మంటగా ఉంటోందట. ఊళ్ళో ఎక్కడైనా గేదెపాలు దొరికితే తెమ్మని పంపారు.

సామ్రాజ్యం పాలు పితుకుతోంది. చెయ్యి వేసినప్పుడల్లా ధారలు చుయ్యిమని బక్కెట్లో పడుతున్నాయి. నురగ అంచు దాకా వచ్చింది. దూడ ఒళ్ళు నిగనిగలాడుతూ గుంజ చుట్టూ గంతులేస్తోంది. కాశయ్య క్యాను కింద పెట్టి, ఏమీ ఎరగనివాడిలా కళ్ళు నులుముకున్నాడు.

“ఏందమ్మాయ్ ఇది! శాశ్వతంగా వట్టిపోయిందని సీలేసి గదా ఇచ్చింది?”

సామ్రాజ్యం తల తిప్పకుండా, పితకడం ఆపకుండా అంది:

“అది ఆఫీసులో వట్టిపోయింది బాబాయ్. ఇంటికొచ్చి చేపింది.”